మామగారి కంప్యూటరు

పోయిన వారం మామగారు చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, "రేపు పదింటికి కంప్యూటరు కొనడానికి వెళుతున్నాం. ముగ్గురం. అల్లుడుగారూ, మీరు కూడా," అన్న దగ్గర ఆగాం. ఆ చివరి రెండు మాటలకు అల్లుడికి తాగుతున్న మంచినీళ్ళు గొంతుకు అడ్డం పడ్డాయి. ఆ దగ్గు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

ఈ మధ్యే మనతో చేరినవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. అల్లుడు ఒక పత్రికాఫీసులో పదకొండేళ్ళు కంప్యూటరు మీద అక్షరాలూ బొమ్మలూ అమర్చి పేజీలు కట్టిన మనిషి. పత్రిక మూతపడింది. నాలుగు నెలలు ఉండి పోదామని భార్యతో కలిసి మామగారింటికి వచ్చాడు, ఆ నాలుగు నెలలకూ ఇప్పుడు మూడేళ్ళు నిండాయి. పదిహేను రోజుల కిందట ఇంట్లో పాత కంప్యూటరు చిటపటమని నాలుగు చప్పుళ్ళు చేసి కళ్ళు మూసింది. సరిగ్గా అప్పుడే పాఠ్యపుస్తకాలు వేసే ప్రచురణకర్త ఒకాయన కబురు పెట్టాడు. మూడు వందల పేజీల సైన్సు పుస్తకం, వచ్చే శుక్రవారానికి కట్టి చూపించాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని, అదీ ఇంట్లో కూర్చునే. ఆ పని దొరికితే రెండు గదుల వాటా ఒకటి అద్దెకు తీసుకుని, భార్యను వెంటబెట్టుకుని ఈ ఇంట్లోంచి బయటపడొచ్చు. అల్లుడికి ఈ లోకంలో కావలసింది ఇప్పుడు అదొక్కటే. ఆ సంగతి భార్య చెవిన తప్ప ఇంకెవరి చెవినా వేయలేదు.

మరి మంచి కంప్యూటరు కొనమని మామగారిని అడగొచ్చు కదా అంటారా? ఆ ఇంటి సంగతి తెలియక అంటున్నారు. ఆ ఇంట్లో ఏ వస్తువు కొన్నా, "ఇది తీసుకుందాం" అని ముందు నోరు జారినవాళ్ళ పేరు దానికి అంటుకుంటుంది. గీజరు బాగా పనిచేసినన్నాళ్ళూ అది ఉత్త గీజరే. పాడైన రోజు నుంచి అది అల్లుడుగారి గీజరు. రెండేళ్ళుగా చన్నీళ్ళు పోసుకున్న ప్రతిసారీ మామగారు స్నానాల గదిలోంచే, "అల్లుడుగారి గీజరు ధర్మమా అని ఒళ్ళు గట్టిపడిందమ్మా!" అని కేకేస్తారు. బాగు చేయించరు. బాగు చేయిస్తే ఆ మాట అనడానికి వీలుండదు కదా. ఇంట్లో అల్లుడుగారి మిక్సీ ఉంది, అల్లుడుగారి గొడుగు ఉంది, ఒక కాలు పొట్టిదైన అల్లుడుగారి కుర్చీ ఉంది. అల్లుడు కూర్చునేది దాని మీదే.

ఇంకో సంగతి. అల్లుడు ఏది కావాలంటే మామగారు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది కొంటారు. అది పంతమూ కాదు, కోపమూ కాదు. ఆయనకు అదొక సరదా. కనుక అల్లుడికి తనకు కావలసిన యంత్రమే కావాలి, ఆ యంత్రం పేరు మాత్రం తన నోట రాకూడదు. దీనికి అతను వారం రోజులు ఆలోచించి ఒక ఎత్తు వేశాడు. పాపం, ఎత్తు మంచిదే.

దుకాణం మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కగానే కొత్త ప్లాస్టిక్ వాసన, పైన వరసగా ట్యూబులైట్లు, గోడ పొడుగునా వెలుగుతున్న తెరలు. ప్రతి తెర మీదా ఒకే చిలుక రెక్కలు విప్పుతోంది. మెడలో ఫొటో బిళ్ళ వేలాడుతున్న సేల్స్‌మన్ ఒకతను, నలభై దాటినవాడు, ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

"ఇంటికా సార్, ఆఫీసుకా?"

"ఇంటికి."

"ఎవరెవరు వాడతారో చెబితే దానికి తగ్గట్టు చూపిస్తాను సార్. మేడమ్ ఏం చేస్తారు?"

"మా అమ్మాయి. బీమా కంపెనీలో ఆఫీసరు," అన్నారు మామగారు.

"ఈ సార్?"

"వీరు మా అల్లుడుగారు."

"ఏం చేస్తుంటారు సార్?"

"చెప్పాను కదయ్యా. అల్లుడుగారు. అదే చేస్తారు."

సేల్స్‌మన్ నవ్వేసి, నవ్వొచ్చో కూడదో తెలియక మధ్యలో ఆపుకున్నాడు. అల్లుడు కూడా నవ్వాడు, నవ్వకపోతే దాని మీద ఇంకో పావుగంట నడుస్తుందని అనుభవం మీద తెలుసు గనుక. భార్య అయితే ఆ మాట విననట్టు కీబోర్డుల వరస చూస్తోంది. కానీ ముక్కుతో చిన్నగా ఒక నవ్వు నవ్వింది. అది మాత్రం అల్లుడికి వినిపించింది. తండ్రి మనసు కుదుటగా ఉంచడానికి నవ్వి ఉంటుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

మామగారు తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసి దిగిన మనిషి. సంత కొట్ల దగ్గర్నుంచి బంగారం దుకాణాల దాకా ఆయన నీడ పడితే కాటాలు వాటంతట అవే సరిగ్గా నిలబడేవని చెబుతారు, చెప్పేదీ ఆయనే. కొట్టువాడు దేన్ని ముందుకు తోస్తే అందులో దగా ఉన్నట్టు. వస్తువు నిజం దాని బరువులో ఉంటుంది. ఈ రెండు సూత్రాలతోనే ఆయన బతుకంతా వెళ్ళింది. ఇప్పుడు కూడా చొక్కా చేతులు పైకి మడిచి, వరసలో మొదటి కంప్యూటరు డబ్బాను రెండు చేతులా పైకెత్తారు.

"సార్, సార్! జాగ్రత్త సార్, వైర్లున్నాయి!" సేల్స్‌మన్ కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.

"ఇందులో ఏమీ లేదయ్యా. ఉత్త రేకు."

"కంప్యూటరుకి బరువుతో సంబంధం ఉండదు సార్. లోపల ప్రాసెసరు, ర్యామ్..."

"ముప్ఫై మూడేళ్ళు ప్రతి కొట్టువాడూ నాతో ఈ మాటే చెప్పాడు. బరువుతో సంబంధం లేదు సార్, సరుకు చూడండి సార్ అని. చాలామందిని కోర్టు మెట్లెక్కించాను."

అలా ఒక్కో డబ్బానూ ఎత్తి దించుతూ వరస పొడుగునా నడిచారు. దుకాణంలో మిగతావాళ్ళు పనులు మానేసి చూస్తున్నారు. నాలుగోది నల్లగా, మామూలుగా ఉన్న డబ్బా. దీపాల్లేవు, అద్దాల్లేవు. పక్కనే దాని మానిటరు. ఆ వరసలో చిలుక నిజంగా చిలుక రంగులో ఉన్నది ఆ ఒక్క మానిటరులోనే. అల్లుడికి మెట్లు ఎక్కుతుండగానే అది కంటపడింది. పేజీలు కట్టేవాడికి తెర మీద రంగు తేడా వస్తే పుస్తకంలో మనిషి గుండె వంకాయ రంగులో అచ్చవుతుంది. కావలసింది ఇదే. దీన్ని మామగారు రెండు సెకన్లు ఎత్తి, పెదవి విరిచి దించేశారు.

ఆరోదాన్ని ఎత్తబోయి, "అబ్బో!" అన్నారు. పక్కలన్నీ దళసరి అద్దం, లోపల గిర్రున తిరిగే ఫ్యాన్లు, వాటి చుట్టూ ఎరుపూ నీలమూ పచ్చా మారుతున్న దీపాలు. పిల్లలు ఆటలాడుకోవడానికి చేసిన డబ్బా. ఆ బరువంతా అద్దానిదే. ర్యామ్ అల్లుడికి కావలసినదాంట్లో నాలుగో వంతు లేదు. దాని మానిటరులో చిలుక బూడిద రంగులో ఉంది.

"ఇదీ సరుకంటే," అన్నారు మామగారు, నడుము పట్టుకుంటూనే.

ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని అల్లుడు తన ఎత్తు బయటికి తీశాడు.

"ఎంత బావుందో మామయ్యగారూ! ఆ దీపాలు చూడండి. నాకైతే తెగ నచ్చేసింది. ఇంకేం చూడక్కర్లేదు, ఇదే తీసుకుందాం."

మామగారు డబ్బా మీద వేసిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నారు. కూతురి వైపు తిరిగారు.

"అమ్మా, అల్లుడుగారు ఇప్పటిదాకా బావుందన్న వస్తువు మనింట్లో ఏదైనా నడుస్తోందా?"

"గీజరు నడవట్లేదు," అంది భార్య, పాఠం అప్పజెప్పినట్టు.

"మిక్సీ?"

"కాలిపోయింది నాన్నా."

"పెళ్ళికి ముందు నిన్ను కూడా బావుందన్నారు. అదొక్కటి నడుస్తోంది. అదీ నేను దగ్గరుండి చూసుకుంటున్నాను గనుక." సేల్స్‌మన్ వైపు తిరిగి, "ఏమంటావయ్యా?" అన్నారు.

సేల్స్‌మన్, పాపం, తన ఫొటో బిళ్ళ వైపు చూసుకున్నాడు. భార్య మొహం ఒక్క క్షణం ఎర్రబడి, మళ్ళీ మామూలైపోయింది. తండ్రి మాటలు ఆమెకు కొత్త కాదు.

"అసలు అల్లుడుగారికి కంప్యూటరు గురించి ఏం తెలుసో కనుక్కుందాం. అల్లుడుగారూ, ఇతను ఇందాకట్నుంచీ ర్యామ్ ర్యామ్ అంటున్నాడు. అంటే ఏమిటండీ?"

పదకొండేళ్ళు దాంతోనే కాపురం చేసిన మనిషి అల్లుడు. రాత్రికి రాత్రి పదహారు పేజీలు కట్టి అచ్చుకు పంపిన రోజులున్నాయి. కానీ ఇప్పుడు తెలుసంటే ఎత్తు పాడైపోతుంది. తెలిసినవాడు వద్దన్నదాన్ని కొంటే మామగారికి నష్టం, తెలియనివాడు కావాలన్నదాన్ని వదిలేస్తే మామగారికి గెలుపు. కనుక తెలియనట్టు తల గోక్కున్నాడు.

"కంప్యూటరుకి... జ్ఞాపకశక్తి లాంటిదనుకుంటాను మామయ్యగారూ."

"అనుకుంటారు! చూశావటయ్యా, ఈయన పత్రికాఫీసులో పనిచేశారు. ఆ పత్రిక ఎందుకు మూతపడిందో నాకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు."

ఈసారి సేల్స్‌మన్ నవ్వు ఆపుకోలేదు. పక్కన మౌసులు చూస్తున్న దంపతులు కూడా నవ్వారు. సేల్స్‌మన్‌కి కాస్త ధైర్యం వచ్చి, అల్లుణ్ణి పక్కకు పిలిచి, "చూడండి సార్, ర్యామ్ అంటే మన వంటింటి బల్ల అనుకోండి. బల్ల పెద్దదైతే ఎక్కువ కూరలు ఒకేసారి తరుక్కోవచ్చు," అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. "ఓహో, అలాగా," అన్నాడు అల్లుడు, కళ్ళు పెద్దవి చేసి. ఆ "ఓహో" అనడానికి అతనికి ఎంత ఖర్చయిందో అతనికే తెలుసు.

ఒక్కచోట మాత్రం పట్టుబడబోయాడు. నల్ల డబ్బా ముందు నిలబడి ఉండగా చేతులు ఊరుకోక కీబోర్డు మీద వాలాయి. మూడేళ్ళ ఆకలి అది. కీబోర్డు వైపు చూడకుండానే వేళ్ళు టకటకా రెండు వరసలు కొట్టేశాయి.

"అరే! సార్ టైపింగ్ భలే ఉందే!" అన్నాడు సేల్స్‌మన్.

చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు అల్లుడు. మామగారు చూశారా? చూడలేదు, ఆయన ఏదో కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నారు. చూసింది భార్య. చూసి, చూపు తిప్పేసుకుంది.

"సరే, ఆ నల్లది కట్టు," అన్నారు మామగారు. "అల్లుడుగారికి దీపాలు కావాలంటే ఇంట్లో లైటు వేసుకుంటారు."

"మంచి ఎంపిక సార్. ఇందులో ఎనిమిది జీబీ ర్యామ్ ఉంది. కావాలంటే ఇంకో ఎనిమిది వేయించుకోవచ్చు."

పదహారు లేకపోతే మూడు వందల పేజీల పుస్తకం ఆ యంత్రం మీద నత్తనడక నడుస్తుంది. అల్లుడు "ఎందుకు మామయ్యగారూ దండగ? ఎనిమిది చాలు, ఇంటికే కదా," అన్నాడు.

"పదహారు వెయ్యి," అన్నారు మామగారు.

ఆహా! మెట్లు దిగుతుంటే అల్లుడి కాళ్ళు నేల మీద లేవు. మూడేళ్ళలో మామగారి మీద మొదటి గెలుపు. బావుందన్నాడు, వద్దన్నాడు, తల గోక్కున్నాడు, ఊరంతటి ముందు వెర్రివెంగళప్ప అనిపించుకున్నాడు. పోనీ. ఇవాళ ఆదివారం. ఈ సాయంత్రమే మొదలుపెడితే రోజుకు అరవై పేజీలు, శుక్రవారం పొద్దుటికి పుస్తకం చేతికిచ్చేయొచ్చు. ఆటోలో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పక్కనున్న భార్య చెయ్యి మెల్లగా నొక్కాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తిరిగి నొక్కనూ లేదు. రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక హాల్లో కిటికీ పక్కన బల్ల తుడిచి, అట్టడబ్బా కోయడానికి కత్తెర తీశాడు అల్లుడు.

"అక్కడ కాదు. నా గదిలో," అన్నారు మామగారు.

"మీ గదిలోనా?"

"ఎవరు కొన్నారు? ఎవరు ఎంచారు? దుకాణంలో పదిమంది చూశారు కదా, నల్లది కట్టమన్నది నేను. మరి ఇది ఎవరి కంప్యూటరు?"

అల్లుడి చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. సరే, ఎవరి గదిలో ఉంటే ఏం, ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు, సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు చేసుకోవచ్చు అని లెక్క వేసుకున్నాడు. మామగారి గదిలో మంచం పక్కన బల్ల ఖాళీ చేసి, తీగలన్నీ కలిపి, యంత్రాన్ని లేపాడు. తెర వెలిగింది. ఆ వెలుతురు మొహం మీద పడగానే, ఏమాటకామాటే చెప్పాలి, అల్లుడికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"పాస్‌వర్డ్ పెట్టమంటోంది మామయ్యగారూ."

"లేవండి. నేను పెడతాను. అటు తిరగండి."

"నేనా?"

"గోడ వైపు తిరగండి అల్లుడుగారూ."

తిరిగాడు. వెనక ఒక్కో మీటా వెతుక్కుంటూ మామగారు నొక్కుతున్న చప్పుడు. ముప్ఫై ఏడేళ్ళ మనిషి, తరగతిలో తప్పు చేసిన పిల్లాడిలా గోడకేసి నిలబడి ఉన్నాడు. ఇది కూడా గడిచిపోతుంది అనుకున్నాడు. శుక్రవారం దాకా ఓర్చుకుంటే చాలు.

"ఇక తిరగొచ్చు. కూర్చోండి."

మామగారు చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. కళ్ళజోడు పెట్టుకుని, కోర్టులో పంచనామా చదివినట్టు తాపీగా చదివారు.

"పదహారు జీబీ ర్యామ్. ఎనిమిది అయితే వద్దు. రంగులు ఉన్నదున్నట్టు చూపించే మానిటరు. దీపాలూ అద్దాలూ ఉన్నది ఎంత బావున్నా తీసుకోకూడదు. ఇంత బాగా రాస్తారని తెలియదు అల్లుడుగారూ. దస్తూరీ కూడా ముత్యాల్లా ఉంది."

అది అతని కాగితమే. మంగళవారం నాడు, ఒకవేళ దుకాణానికి తనను రానివ్వకపోతే నువ్వు చూసుకోమని రాసి, భార్య హ్యాండ్‌బ్యాగులో తన చేత్తో పెట్టిన కాగితం.

"ఇది మీ దగ్గరికి..."

"ఎలా వస్తే ఏం? ర్యామ్ అంటే ఏమిటండీ అని అడిగినప్పుడు మీరు తల గోక్కున్నారు చూశారూ! నేను కళ్ళారా చూసిన దొంగ కాటాల్లో అంత చక్కగా ఊగినది ఒక్కటి లేదు. ఆ సేల్స్‌మన్ మీకు వంటింటి బల్ల గురించి చెబుతుంటే, నాకు నవ్వు ఆపుకోవడానికి ప్రాణం పోయింది." మామగారు కళ్ళజోడు తీసి, ఇప్పుడు తీరిగ్గా నవ్వారు. చాలాసేపు నవ్వారు. "మీకు కావలసిందే కొన్నాను. నాకూ అదే కావాలి గనుక."

మంచం కిందికి వంగి అట్టపెట్టె ఒకటి లాగారు. దాన్నిండా డైరీలు. ఏడాదికొకటి, ముప్ఫై మూడు.

"నా సర్వీసు. ఒక్క రోజు కూడా రాయడం మానలేదు. ఏ కొట్టు, ఏ కాటా, ఎంత దగా, ఎవరు ఏడ్చారు, ఎవరు కాళ్ళ మీద పడ్డారు, అన్నీ ఉన్నాయి. పుస్తకం వేయాలి. ఫొటోలతో, రంగుల్లో. నేను చదువుతాను, మీరు టైపు చేస్తారు. పేజీలు కట్టడం మీకు వచ్చు కదా. పత్రికాఫీసు మనిషి."

"చేస్తాను మామయ్యగారూ, తప్పకుండా చేస్తాను. కానీ ఈ శుక్రవారానికి నాకొక..."

"ఆ సైన్సు పుస్తకమా? అది నిన్ననే తేల్చేశాను."

అల్లుడు మీటల మీంచి చెయ్యి తీసేశాడు.

"తేల్చేయడం అంటే?"

"ఆయనకు ఫోన్ చేశాను. మా అల్లుడుగారికి ఇంటిపని ఎక్కువగా ఉంది, తీరిక లేదు, వేరే ఎవరినైనా చూసుకోండి అన్నాను. మర్యాదస్తుడు. ముందే చెప్పి మంచిపని చేశారండీ అని నాకు థాంక్స్ కూడా చెప్పాడు. వేరే ఎవరికో సాయంత్రమే ఇచ్చేశాడట."

"మీకు... మీకు ఆ నంబరు ఎవరిచ్చారు?"

ఆ ప్రశ్న అడుగుతూనే అతనికి జవాబు తెలిసిపోయింది. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చేతిలో డబ్బాలోంచి తీసిన తెల్లటి థర్మోకోలు ముక్కలు. వాటిని ఒకదాని మీద ఒకటి సర్దుతోంది, సర్దినవే మళ్ళీ సర్దుతోంది.

"నేనే ఇచ్చానండీ," అంది.

"కాగితం కూడా?"

"కాగితం కూడా."

"ఎందుకు?"

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన, నువ్వే చెప్పుకో నాకేం అన్నట్టు, మొదటి డైరీ దుమ్ము దులుపుతున్నారు.

"నాకు ప్రమోషన్ వచ్చింది. నెలయింది. ఊరు మారాలి."

"నెలయిందా? నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"చెబితే నేనూ వస్తాననేవారు."

అల్లుడు కుర్చీలోంచి లేవబోయాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"వస్తే? వస్తే తప్పేమిటే? మనం కలిసి వెళ్ళిపోదామనుకున్నాం కదా! రెండు గదులు, మనిద్దరమే అని..."

"మీరనుకున్నారు. నేను ఊఁ కొట్టాను," అంది భార్య. గొంతు పెంచలేదు. "నాన్న చక్కెర జబ్బుకి పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. నాన్నకు చెయ్యి వణుకుతుంది, తనంతట తాను పొడుచుకోలేరు. బయటివాళ్ళను ముట్టుకోనివ్వరు. ఎవరో ఒకరు ఇంట్లో ఉంటేనే నన్ను పంపుతానన్నారు. మీకు ఆ పని దొరికితే మీరు ఇక్కడ ఉండరు. మీరు ఇక్కడ లేకపోతే నేను కదల్లేను. అంతే. అందుకే ఇచ్చాను."

"నీకు బదులుగా నన్ను..." అన్నాడు అల్లుడు.

"అమ్మ పోయినప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. అప్పట్నుంచీ ఈ ఇంట్లో పగిలినవన్నీ నావి, చెడినవన్నీ నావి. మీరొచ్చాక మూడేళ్ళు నాన్న నన్ను వదిలి మిమ్మల్ని పట్టుకున్నారు. నాకు ఊపిరాడింది. ఎంత హాయిగా ఉందో మీకు తెలియదు. దుకాణంలో నవ్వాను చూశారా, అది మిమ్మల్ని చూసి కాదు. ఇవాళ నన్ను కాదు కదా అని. మీరు మంచివారే. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ ఒక్కరికే దారి ఉందండీ. నేను ముందు పుట్టాను ఈ ఇంట్లో, ముందు నేను వెళతాను."

అల్లుడికి ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చినా బావుండేది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తనకు ఒక మనిషి ఉందనుకున్నాడు. మామగారు ఎన్ని అన్నా, అవతల గదిలో ఆమె ఉంది కదా అనుకుని పళ్ళ బిగువున అన్నీ మింగాడు. ఆమె ఆ అవతల గదిలో కూర్చుని పెట్టె సర్దుకుంటోందన్నమాట.

"విన్నారుగా అల్లుడుగారూ," అన్నారు మామగారు. ఆయన గొంతులో ఎంత తృప్తి! "నాకు మీరైనా ఒకటే, అమ్మాయైనా ఒకటే. ఎవరో ఒకరు. పైగా అమ్మాయికి పేజీలు కట్టడం రాదు. రాసుకోండి. మొదటి అధ్యాయం. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే ఒక ఉప్పు వ్యాపారిని..."

అల్లుడు కీబోర్డు వైపు చూడలేదు. భార్యనే చూస్తున్నాడు.

"ఎప్పుడు ప్రయాణం?"

"ఎల్లుండి. పొద్దున ఆరున్నర బండి."

"టికెట్టు?"

"తీసుకున్నాను. ఒకటే." థర్మోకోలు ముక్కలు నేల మీద పెట్టి, చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. ఆ తరువాత ఆమె అడిగిన మాట వింటే మీకు ఒళ్ళు మండుతుంది, కానీ ఆమె దాన్ని ఏ పాపమూ ఎరగనట్టు, రోజూ అడిగే మాటలాగే అడిగింది. "రెండు పెట్టెలున్నాయి. నాన్న రాలేరు. స్టేషను దాకా మీరు వస్తారా?"

అల్లుడు లేచి నిలబడ్డాడు.

"వస్తాను," అన్నాడు. "తప్పకుండా వస్తాను."

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. మామగారు చదువుతున్న డైరీ ఆపి తలెత్తారు. అల్లుడి మొహంలోకి చూశారు. అది స్టేషను దాకా వెళ్ళి తిరిగొచ్చే మనిషి మొహం కాదు. అంతే, వణుకుతున్న చేత్తో కుర్చీ పట్టుకుని గబగబా లేచి, వెళ్ళి, అల్లుడికీ గుమ్మానికీ మధ్య అడ్డంగా నిలబడ్డారు.